చెట్టు ఎవరిది?

ఆ రాజ్యంలో ఇంటి పెరట్లో మొలిచిన చెట్టు కూడా రాజుగారిదే. కొట్టాలంటే తోటల అధికారి భైరవయ్య ఒప్పుకోవాలి.

పైడమ్మ గుడిసె మీదికి వంగిన నేరేడు చెట్టు లోపలంతా డొల్లయింది. "పిల్లలున్న ఇల్లు బాబయ్యా, కొట్టేయనివ్వండి" అని ఎన్నిసార్లు వేడుకున్నా భైరవయ్య కసిరాడు. "రాజుగారి చెట్టు మీద నీ పెత్తనమేంటే?"

వానలకు కొమ్మ విరిగి పెద్దకూతురు నూకాలు మీద పడింది. పిల్ల దక్కలేదు.

పైడమ్మ చిన్నదాన్ని చంకనేసుకుని కొలువుకు వెళ్లింది.

"మహారాజా, మీ చెట్టు నా బిడ్డను చంపింది. న్యాయం చెప్పండి."

రాజు భైరవయ్య వైపు చూశాడు. అతను గబగబా ముందుకొచ్చాడు.

"మన చెట్టెలా అవుతుంది ప్రభూ! ఈ పైడమ్మ పెరట్లో మొలిచింది, అది దీనిదే!"

"అందరూ విన్నారు కదా" అంది పైడమ్మ. "నాదే అయితే ఇవాళే కొట్టేస్తాను. గొడ్డలి నూరి పెట్టే వచ్చాను."

రాజు తల ఊపాడు.

సాయంత్రానికి చెట్టు కూలింది. పెరడంతా వెలుగు పరుచుకుంది. చిన్నది ఆ వెలుగులో ఆడుకుంటోంది.

"అధికారినే గెలిచావే పైడమ్మా!" అంది పొరుగింటావిడ.

పైడమ్మ గొడ్డలిని గోడకు ఆనించింది.

"వానలకు ముందే ఇది నాదని ఎవరైనా అనుంటే బాగుండేదమ్మా" అంది.