ఫోటోలోని మీసం

“గురువా, ఎదురుచూసిన దినాలు ఆయుష్షుల కలుస్తయా, కలువయా?” అని భూమేశ్ అడిగాడు.

అడిగింది ఓదెలును. ఎడారి దేశంలో, నగరానికి బాగా దూరంగా, రేకుల గదులు వరుసగా నిలబెట్టిన కూలీల క్యాంపు ఒకటుంది. ఆ క్యాంపుకు ఓదెలు మంగలి. ఇరవై ఆరేళ్లుగా అక్కడే ఉన్నాడు. శుక్రవారం సెలవునాడు పొద్దున గడ్డాలు గీసేవాడు, సాయంత్రం తత్వాలు పాడేవాడు. గురువా అని మొదట ఎగతాళికే పిలిచారు. ఆ గొంతు వింటూ వింటూ ఉండగా ఎగతాళి ఎప్పుడు రాలిపోయిందో ఎవరికీ తెలియదు. పిలుపు మాత్రం మిగిలింది. ఆయనకు శిష్యుడంటూ ఉన్నది భూమేశ్ ఒక్కడే. ఆ క్యాంపులో పగలంతా ఖాళీగా ఉండేవాడూ అతనొక్కడే.

ఆ ఖాళీ అతను కోరి తెచ్చుకున్నది కాదు. అకామా రాలేదు. అక్కడ పనిచేసుకోనిచ్చే కార్డును అకామా అంటారు. అది లేనివాడు పార పట్టకూడదు. గేటు దాటితే పోలీసులు పట్టుకుంటారు. దేశం దాటితే పెట్టిన దరఖాస్తే రద్దయిపోతుంది. మూడు నెలల్లో వస్తుందన్న కార్డుకు పందొమ్మిది నెలలు నిండాయి. పొద్దున్నే బస్సులొచ్చి అందరినీ ఎక్కించుకుపోయాక, ఆరేసిన బట్టలూ భూమేశూ మిగిలేవారు. దూరాన కడుతున్న మేడలు ఎండలో నీళ్లలో నీడల్లా వణికేవి. వాటిలో ఏదో ఒక కిటికీ తన చేతులతో లేవాల్సిందనీ, ఎప్పుడో ఒక సాయంత్రం ఆ కిటికీ దగ్గర ఎవరో నిలబడి సముద్రాన్ని చూస్తారనీ అతను ఊహించుకునేవాడు. ఊహించుకుని, లేచి పోయి గదిలోవాళ్ల కోసం బియ్యం కడిగేవాడు.

ఇది చాలదన్నట్టు ఒక భయం కూడా పట్టుకుంది. ఎవరో ఒకతను గడ్డంతో అకామా ఆఫీసుకు పోతే, ఫోటోలో గడ్డం లేదని తిప్పి పంపించారట. అతని ఫైలు మళ్లీ మొదటి బల్ల మీదికి పోయిందట. ఈ మాట చెప్పినవాడు కళ్లారా చూసినవాడు కాదు, ఎక్కడో విన్నవాడు. అయినా ఆనాటి నుంచి భూమేశ్ తన ముఖాన్ని దరఖాస్తులోని ఫోటోకు తగ్గట్టు కాపాడుకోవడం మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులకోసారి ఓదెలు కుర్చీలో కూర్చుని, ఫోటో కాపీని అద్దం మూలకు దోపేవాడు. ఓదెలు ఒకసారి ఫోటోనూ ఒకసారి మనిషినీ చూస్తూ మీసం కొసలు దిద్దేవాడు. చెవి పక్కన తెల్ల వెంట్రుక మొలిస్తే పీకేవాడు. ఫోటోలో వేసుకున్న నీలిగీతల అంగీ పెట్టెలోంచి బయటికి వచ్చేదే కాదు.

“ఏం పెండ్లికొడుకా, ఫోటో దిగుడు ఇంకా అయిపోలేదా?” అని అతని గదిలోనే ఉండే రాజలింగం వంట దగ్గర ఏడిపించేవాడు. “ముసలోనివైనంక గూడ గదే మీసం ఉంటదిరో నీకు!”

భూమేశ్ నవ్వేవాడు, మీసం కదిలిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా.

మీసం దిద్దించుకుంటున్న అలాంటి ఒకనాడే అతను ఆ ప్రశ్న అడిగాడు. ఓదెలు “తల కదిలియ్యకు” అన్నాడు, అంతే.

ఆ వారంలోనే ఊరినుంచి ఫోన్ వచ్చింది. చెరుకు ట్రాక్టరు బోల్తాపడి భూమేశ్ అన్న లచ్చన్న చనిపోయాడు. తల్లీతండ్రీ చిన్ననాడే పోతే తమ్ముణ్ణి సాకినవాడు ఆ అన్నే. వానొస్తే వాగు దాటించి భుజాల మీద బడికి మోసినవాడు. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. నిప్పు పెట్టవలసిన తమ్ముడు కదిలితే దరఖాస్తు పోతుంది. చివరికి పాలోళ్లలో, అంటే దాయాదుల్లో, ఒకడు పెట్టాడు. ఎవరో ఫోన్ పట్టుకుని చూపించారు గాని, తెరనిండా పొగ తప్ప భూమేశ్‌కు ఏమీ కనిపించలేదు.

వదిన ఏడ్చి ఏడ్చి పోయిన గొంతుతో చెప్పింది. “నువ్వు రాకు భూమేశూ. అస్తే మళ్ల పోలేవు. పిల్లలున్నరు. పదోనాడు ఆడనే తల తీపిచ్చుకో. మీ అన్నకు గదొక్కటన్న చెయ్యి.”

పోయినవాడికంటే చిన్నవాళ్లు పదోనాడు గుండు చేయించుకుని మీసమూ తీయించుకోవడం వాళ్ల ఇంటి ఆచారం. అంత దూరంలో ఉన్నవాడు చేయగలిగింది ఇక అదొక్కటే.

పదోనాడు శుక్రవారం పడింది. ఓదెలు ఆ పొద్దున ఎవరి గడ్డమూ గీయలేదు. గది వెనక నీడలో తూర్పుముఖంగా పీట వేశాడు. బకెట్‌లో నీళ్లు పెట్టుకున్నాడు, కత్తికి కొత్త బ్లేడు ఎక్కించాడు, ఉతికిన తెల్ల తువ్వాల భుజాన వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లంతా ఆ పీట చూసి వెనక్కి పోయారు. పొద్దెక్కేకొద్దీ నీడ జరిగింది. నీడతోపాటు ఆయన పీటనూ జరిపాడు. మూడుసార్లు జరిపాక భూమేశ్ వచ్చాడు. అతని చేతిలో ఫోటో ఉంది.

“పీట వద్దు గురువా, కుర్చీల కూసుంట” అన్నాడు నేల చూస్తూ. “ఎప్పటిలెక్కనే దిద్దు.”

ఓదెలు ఒక్కసారే అడిగాడు.

“సచ్చిపోయింది గా ఫోటోలున్నోని అన్ననా, నీ అన్ననా?”

“గట్లనకు గురువా” అన్నాడు భూమేశ్. “ఇయ్యాలనో రేపో పిలుస్తరు. గుండుతోని పోతే నువ్వెవనివంటరు. ఫైలు మళ్ల మొదటికి పోతే మా అన్న బిడ్డలను ఎవలు సాదుతరు? నేను ఆగేది గా అన్న కోసమే గద. కార్డు రాంగనే తీపిచ్చుకుంట. గప్పటిదాంక అన్న ఏడికి పోతడు?”

అన్నాక ఆ ఆఖరి మాట తనకే వినిపించి, భూమేశ్ ఫోటో ఉన్న చెయ్యి దించుకున్నాడు.

ఓదెలు పీట ఎత్తి గోడకు ఆనించాడు. బకెట్‌లో నీళ్లు ఇసకలో ఒలకబోశాడు. శిష్యుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఫోటోను తనే అద్దం మూలకు దోపి, ఏనాడూ దిద్దనంత శ్రద్ధగా ఆనాడు ఆ మీసం దిద్దాడు. పని అయ్యాక చూస్తే అద్దంలో ముఖమూ అద్దం మూలన ముఖమూ ఒక్కలాగే ఉన్నాయి. తేడా ఒక్కటే. ఫోటోలో కన్నీళ్లు లేవు. అందుకని భూమేశ్ తుడుచుకున్నాడు.

ఇయ్యాలనో రేపో అన్న పిలుపు మూడు నెలలు దాటాక వచ్చింది. పెట్టెలోని నీలిగీతల అంగీ కొంచెం వదులైంది. ఆఫీసులో అద్దాల కౌంటర్ల ముందు వందలమంది కూర్చుని ఉన్నారు. అందరి కళ్లూ గోడ మీద మారే ఎర్ర అంకెల మీదే ఉన్నాయి. అక్కడ కూర్చున్నప్పుడు భూమేశ్‌కు అడక్కుండానే ఒక ఆలోచన వచ్చింది. పదోనాడు తల తీయించుకుని ఉన్నా, ఈపాటికి జుట్టూ మీసమూ మళ్లీ వచ్చే ఉండేవి. ఆ ఆలోచనను అతను లోపలికి నెట్టాడు. అది పోలేదు.

అతని అంకె వచ్చింది. ఫోటో తీసినవాడు ఆనాడు చెప్పినట్టే గడ్డం కాస్త పైకెత్తి, పెదాలు బిగించి నిలబడ్డాడు. అద్దం వెనక కూర్చున్న కుర్రవాడు చెవిలో తీగ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కింది సందులోంచి చెయ్యి చాపి కాగితాలు తీసుకున్నాడు. ముద్ర కొట్టాడు. కార్డు ఇవతలికి తోశాడు. తల ఎత్తలేదు.

భూమేశ్ కదల్లేదు. “సార్” అన్నాడు. గడ్డం ఇంకొంచెం పైకెత్తాడు. ఒక్కసారి, ఒక్కసారి చూస్తే చాలు. కుర్రవాడు బల్ల మీద బొత్తాం నొక్కాడు. గోడ మీద అంకె మారింది. వెనకున్న మనిషి భూమేశ్ భుజాన్ని పక్కకు తోసి ముందుకొచ్చాడు.

క్యాంపుకు చేరేసరికి కబురు ముందే చేరింది. “రేపటిసంది నువ్వు గూడ బస్సెక్కుతవురో, పెండ్లికొడుకా!” అని రాజలింగం పళ్లెం మోగించాడు. పందొమ్మిది నెలలు దాటి ఇంకో మూడు నెలలు, అంతకాలం కలగన్న కార్డు జేబులో ఉంది. దాన్ని బయటికి తీసి చూపించాలని కూడా భూమేశ్‌కు అనిపించలేదు. తిన్నగా ఓదెలు గది వెనక్కి పోయాడు. ఉత్త ఇసకలో తూర్పుముఖంగా కూర్చుని తల వంచాడు.

“వాడు నా దిక్కు సూడనే లేదు గురువా” అన్నాడు. “ఇప్పుడు తియ్యి. అంత తియ్యి.”

ఓదెలు నీళ్లు తెచ్చాడు. ఆ వంచిన తలను మెల్లగా తడిపాడు. తడిపి, చెయ్యి అక్కడే కాసేపు ఉంచాడు.

“తీస్త” అన్నాడు. “కని ఇయ్యాల రాలేటియి ఒట్టి ఎంటికలే, బిడ్డా.”