మాస్టారు అడగని ప్రశ్న

అప్పలనరసయ్య మాస్టారికి ఒక అలవాటుంది. రిపేరుకని ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు: "ఎప్పటి నుంచి?" ఎవరు పాడుచేశారని గానీ, చివరిసారి ఎవరు ముట్టుకున్నారని గానీ ఇరవై రెండేళ్లలో ఆయన నోట ఎవరూ వినలేదు. విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో ఆయన ఫ్రిజ్‌ల పని నేర్పుతారు. ఆయన లేనప్పుడు శిష్యులు ఆ ప్రశ్నను ఆయన గొంతుతోనే పలికి నవ్వుకుంటారు. టీ చల్లారినా "ఎప్పటి నుంచి?", ఒకడికి పెళ్లి సంబంధం కుదిరినా "ఎప్పటి నుంచి?"

ఆ శిష్యుల్లో ఝాన్సీ ఒక్కతే ఆడమనిషి. ఫ్రిజ్‌లు అమ్మే షోరూములో బిల్లులు రాసి రాసి విసిగి, ముప్ఫై దాటాక ఈ పనికి వచ్చింది. చురుకైన మనిషి. చురుకైనవాళ్లకుండే తొందర కూడా ఉంది. దసరా వెళ్లిన పదో రోజు పొద్దున ఆమె మాస్టారిని నిలదీసినట్టే అడిగింది.

"ఎప్పటి నుంచి అని అడుగుతారు, బాగానే ఉంది. ఎవరు ముట్టుకున్నారని ఎందుకడగరు మాస్టారూ? అదొక్కటి తెలిస్తే సగం పని తప్పుతుంది కదా."

మాస్టారు చేతిలో ఉన్న పాత కంప్రెసరు కింద పెట్టారు. "నాలుగు రోజుల క్రితం విశాలాక్షమ్మగారింట్లో ఐస్ మేకర్ చూసొచ్చావు. ఏమైందది?"

"మోటారు పోయిందండీ. కొత్తది తెప్పిస్తామని చెప్పాను."

"పద, చూసొద్దాం," అన్నారాయన. ఆమె ప్రశ్నకు జవాబు అంతే.

స్కూటరు వెనక కూర్చున్నంతసేపూ ఝాన్సీకి ఆ రోజే గుర్తుకొచ్చింది. నీళ్ల పైపు కలిపితే దానంతటదే మంచుముక్కలు చేసి డబ్బాలో రాల్చే పెద్ద ఫ్రిజ్ అది. తలుపు తీస్తూనే విశాలాక్షమ్మ, "మగ మెకానిక్కులెవరూ లేరామ్మా?" అని అడిగింది. ఆ మాట పక్కనే నిలబడి ఉండగా ఝాన్సీ అన్నీ చూసింది. చల్లదనం సరిగానే ఉంది. నీళ్లు వస్తున్నాయి. గొట్టంలో మంచు గడ్డకట్టలేదు. అయినా ట్రే పొడిగా ఉంది, డబ్బా ఖాళీగా ఉంది. ఏమీ తోచలేదని చెప్పడానికి నోరు రాలేదు. "చివరిసారి లోపల ఎవరు చెయ్యి పెట్టారండీ?" అని అడిగింది. "ఇంకెవరు, మా పనిమనిషి పైడితల్లి. పండక్కి ఫ్రిజ్జంతా కడిగింది," అంది విశాలాక్షమ్మ. ఝాన్సీకి ఊపిరాడినట్టయింది. "అదేనండీ. కడిగినప్పుడు నీళ్లు లోపలికి పోయి మోటారు కాలిపోయింది," అంది. ఎంత గట్టిగా చెబితే అంత మెకానిక్కులా కనిపిస్తుందని గట్టిగానే చెప్పింది.

విశాలాక్షమ్మ ఈసారి మాస్టారిని చూసి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. చేతులు కడుక్కుని, "ఎప్పటి నుంచండీ?" అన్నారు.

"ఎప్పటి నుంచి అంటే..." ఆవిడ వేళ్లు మడిచింది. "నవమి నాడు మధ్యాహ్నం దాకా శుభ్రంగా పడింది. చుట్టాలొస్తే మజ్జిగలో వేసి ఇచ్చాను. దశమి నాటికి ఒక్క ముక్క లేదు."

"కడిగించిందెప్పుడు?"

"అష్టమి నాడు."

ఝాన్సీ తల దించుకుంది. ఫ్రిజ్ కడిగాక ఒక రోజంతా ఐస్ పడిందన్నమాట. ఎవరు అని అడిగిన తనకు దొరకనిది, ఎప్పుడు అని అడిగిన ఆయనకు నిలబడ్డచోటే దొరికింది.

"నవమి మధ్యాహ్నం ఏం చేశారండీ?"

"ఏం చేస్తాం, ఆయుధపూజ. మిక్సీకి, గ్రైండరుకి, కారుకి, అన్నింటికీ బొట్లు పెట్టాం. ఫ్రిజ్‌కి బయట పెడితే ఆ పైడితల్లి మర్నాడే గుడ్డ పెట్టి తుడిచేస్తుంది, ప్రతి ఏడూ ఇదే గొడవ. అందుకని ఈసారి లోపల కూడా పెట్టాను."

మాస్టారు ఫ్రీజరు తెరిచి టార్చి వేశారు. ఐస్ డబ్బా పక్క గోడకు శనగగింజంత అద్దం బిళ్ల ఉంది. దాని మీద సరిగ్గా నడిమధ్యన గంధం, గంధం మీద కుంకుమ, రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. ఝాన్సీ దాన్ని ఆ రోజే చూసింది. పూజ బొట్టు కదా, మనం ముట్టుకోకూడదని వేలు పక్కకు తీసుకుంది.

"ఇది దీనికి కన్నులాంటిదండీ," అన్నారు మాస్టారు. "ఎదురు గోడకు ఇంకోటి ఉంది. ఇటు నుంచి వెలుగు పంపితే అది అందుకుంటుంది. మధ్యలో అడ్డొస్తే డబ్బా నిండిపోయిందనుకుని పని మానేస్తుంది." ఆయన ఆవిడ వైపు తిరిగారు. "తుడవమంటారా, ఉంచమంటారా?"

విశాలాక్షమ్మ దేవుడి గది వైపు ఒకసారి చూసి, "తుడవండి," అంది.

ఆయన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి, పిండి, ఆ బిళ్ల మీద అద్ది పట్టుకున్నారు. ఎర్రటి నీరు ఒక చారగా దిగింది. పొడిగుడ్డతో ఒత్తి బటను నొక్కారు. ట్రే గిర్రున తిరిగింది, నీళ్లు దానిలోకి దూకాయి. మోటారు నిక్షేపంగా ఉంది.

"గంటన్నరలో ముక్కలు పడతాయి," అన్నారు.

ఝాన్సీ నోరు విప్పింది. "అయితే పైడితల్లి తప్పేం లేదండీ. ఆవిడతో నేను మాట్లాడతాను."

"ఎక్కడ మాట్లాడతావు? దాన్ని ఆ సాయంత్రమే మాన్పించేశాం."

"మళ్లీ పిలవండి మరి."

"పిలిస్తే నెత్తికెక్కుతుంది. కొత్తమనిషి కూడా కుదిరింది." విశాలాక్షమ్మ ఝాన్సీ ముఖంలోకి చూసి తాపీగా అంది, "అయినా చెప్పింది నువ్వే కదమ్మా."

ఆవిడ అబద్ధమాడలేదు. ఝాన్సీ పనిముట్ల సంచి భుజాన వేసుకుంది. వాళ్లు గుమ్మం దాటబోతుంటే ఆవిడ వంటింట్లోంచి ఒక టిఫిన్ క్యారేజీ తెచ్చి ఝాన్సీ చేతికిచ్చింది. "ఇది దానిదే. కింద కూర్చుందని వాచ్‌మన్ ఫోను చేశాడు. కాస్త ఇచ్చేయమ్మా, మళ్లీ నేను దిగడం ఎందుకు."

పైడితల్లి మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన గొంతుక్కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. ఏడేళ్లుగా ఆ అపార్టుమెంటులోనే పని, మొన్నటిదాకా నాలుగిళ్లు. వాచ్‌మన్ ఆమెను లిఫ్టు ఎక్కనివ్వలేదు. క్యారేజీ అందుకుని మూత తీసింది. లోపల నాలుగు రోజుల నాటి అన్నం బూజుపట్టి నల్లబడింది. ఎవరూ పారబోయలేదు.

"ఇదీ నానే కడగాల," అని మూత పెట్టేసింది. ఝాన్సీ భుజానున్న పనిముట్ల సంచి చూసి, "ఆయేల వొచ్చిన మెకానిక్కమ్మవి నువ్వేనా?" అని అడిగింది.

"నేనే." ఝాన్సీ ఆమె ఎదురుగా కూర్చుంది. "ఫ్రిజ్ బాగైందమ్మా. నీవల్ల పోలేదు. నేనే తెలియక చెప్పాను. తప్పు నీది కాదని తేలింది."

పైడితల్లికి కోపం రాలేదు. వస్తే బాగుండునని ఝాన్సీకి అనిపించింది.

"తేల్తే ఏటమ్మా. ముందు ఈయమ్మ మాన్పించింది. మర్నాడు రెండో అంతస్తోళ్లు రావొద్దన్నారు. ఆ పైనోళ్లు మా వాషింగ్ మిషనూ నువ్వే పాడుసేసుంటావన్నారు. ఆళ్ల మిషను పోయి రెండేళ్లయింది, అప్పుడు నాను ఆళ్లింటికే ఎల్లేదాన్ని కాదు." ఆమె లేచి కొంగు దులుపుకుంది. "నాలుగిళ్లూ పోయినాయి. నువ్వు ఓ ఇంట్లో సెప్పిన మాట నాలుగిళ్లకీ ఎల్లింది. ఈ మాట ఎవులు అట్టుకెల్తారు?"

"నేను వెళ్లి చెబుతాను," అంది ఝాన్సీ.

చెప్పింది కూడా. మూడు గుమ్మాల ముందు నిలబడి మూడుసార్లు ఒకే మాట చెప్పింది. ఒకరు తలుపు గొలుసు తీయకుండానే విన్నారు. ఒకరు, "ఫ్రిజ్ సంగతి సరేనమ్మా, దాని మీద మాకు ముందునుంచీ అనుమానమే," అన్నారు. మూడోవారు ఓపిగ్గా అంతా విని, తమ ఫ్రిజ్ కూడా ఒకసారి చూసి వెళ్లమన్నారు.

ఆమె దిగి వచ్చేసరికి మెట్ల కింద ఎవరూ లేరు. మాస్టారు స్కూటరు దగ్గర నిలబడి, ఇందాకటి గుడ్డను మళ్లీ ఒకసారి పిండుతున్నారు. గుడ్డ ఇంకా కాస్త ఎర్రగానే ఉంది. ఏమైందని ఆయన అడగలేదు. గుడ్డ మడిచి సంచిలో పెట్టి, స్కూటరు స్టార్టు చేస్తూ అన్నారు:

"ఆ ఫ్రిజ్ కంటికైతే తడిగుడ్డ సరిపోయింది."