దింపుడు కళ్ళం దగ్గర లేచిన రాజుగారు

ఒకానొక రాజ్యంలో, తను పోయాక ఊరేగింపు ఎంత గొప్పగా ఉంటుందో బతికుండగానే చూసుకోవాలని ముచ్చటపడ్డ రాజుగారొకాయన ఉండేవాడు. పేరు ప్రచండవర్మ. ఆ పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. పిలిస్తే బిరుదులతోనే పిలవాలి.

ఓరోజు సభలో మీసం దువ్వుకుంటూ, "ఏయే దేశాల్లోనో రాజులు కొండలంత సమాధులు కట్టించుకున్నారట. మనమేం తక్కువ తిన్నామా? ఏటిగట్టున నేతవాళ్ళ శ్మశానం చదును చేసి నాకోటి లేపండి" అన్నాడు.

మంత్రులంతా "ఆహా!" అన్నారు. విదూషకుడు గవరయ్య మాత్రం ముందుకొచ్చాడు. వాళ్ళమ్మ పోలమ్మ ఉన్నది ఆ మట్టి కిందే. రాజుగారికి ముద్దలు కలిపి పెట్టి పెంచిన దాది ఆవిడే. ఆ సంగతి రాజుగారు ఎప్పుడో మర్చిపోయాడు.

"ప్రభూ, వెనకటివాళ్ళు మన పొలాల మధ్య కుండల్లో పోయినవాళ్ళ ఎముకలు పెట్టి, చుట్టూ బండలు పేర్చి వెళ్ళారు. వాళ్ళ పేర్లు కూడా మనకి తెలీవు. అయినా అక్కడ నాగలి పెట్టడానికి ఈరోజుకీ ఏ రైతుకీ చేతులు రావు. అలాంటిది మీరు..."

"నీతులు చెప్పకు! రేపే ఉత్తుత్తి ఊరేగింపు. పాడె మీద నేనే పడుకుంటా. అది శ్మశానం చేరగానే గునపం దిగాల్సిందే."

"చేరితే కదా!" నోరు జారాడు గవరయ్య.

"ఓహో! ఆపుతావా? ఆపితే ఆ శ్మశానం జోలికి రాను. ఆపలేకపోతే నువ్వు దేశం వదిలిపో. నేను మాత్రం చచ్చినవాడిలాగే కన్ను కూడా కదపను!"

మర్నాడు డప్పులు మోగాయి, బొరుగులు చల్లారు, పాడె కదిలింది. దారి మధ్యలో దింపుడు కళ్ళం వచ్చింది. అక్కడ పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనో దాక్కుని ఉంటే పలుకుతుందేమోనని ఆశ. పలికితే పాడె వెనక్కి ఇంటికే.

మరి రాజుగారి చెవిలో అరిచేదెవరు? మంత్రి తలవంచుకున్నాడు. సేనాపతి మబ్బులు చూస్తున్నాడు. గవరయ్యే వంగాడు.

"రాజాధిరాజా!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"శత్రుభయంకరా!"

మీసం కొస కూడా కదల్లేదు. ఇంకొక్క పిలుపే మిగిలింది. గవరయ్య కళ్ళు మూసుకుని అమ్మని తలుచుకున్నాడు. ఆవిడ గొంతు తెచ్చుకుని పిలిచాడు.

"ఒరే బుజ్జోడా, బువ్వ చల్లారిపోతోందిరా!"

"వచ్చేస్తున్నానమ్మా!" రాజుగారు దిగ్గున లేచి కూచున్నాడు.

డప్పులు టక్కున ఆగిపోయాయి.

"పలికారు ప్రభూ. ఇక పాడె వెనక్కే."

"ఆ పిలుపు... నీకెక్కడిదిరా?"

"మా అమ్మ పోలమ్మది. మీకు పెట్టాకే నాకు పెట్టేది. ఆ కేక వింటేనే నాకు ఆకలేసేది. అన్ని బిరుదులకీ లేవని మిమ్మల్ని లేపింది. అలాంటావిణ్ణి గునపాలతో లేపమంటారా?"

రాజుగారు ముక్కులో దూది పీకి పారేసి పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, తన ముత్యాల హారం తీసి గవరయ్య మెళ్ళో వేశాడు.

"సమాధికి తెచ్చిన రాళ్ళతో ఇక్కడ అరుగు కట్టండి, మోసేవాళ్ళు కాస్త కూచుంటారు. నిజంగా పోయినరోజు నన్ను మా పోలమ్మ కాళ్ళ దగ్గర పెట్టండి. చెవిలో పిలవడానికి మాత్రం వీడే రావాలి."

"అప్పుడూ పలుకుతారా ప్రభూ?"

"బువ్వ వేడిగా ఉందని చెప్పి చూడు!"

ఖాళీ పాడె వెనక్కి తిరిగింది. దాని పక్కనే గవరయ్య భుజం మీద చెయ్యేసి, రాజుగారు అన్నానికి ఇంటికి నడిచాడు.