కొమురవ్వ ఊడ్చిన గుట్ట

చిన్నోళ్లు దగ్గరికి జరగండి, పెద్దోళ్లు నోళ్లు మూయండి. ఇది గుట్టలకు కంచెలు లేని కాలం నాటి ముచ్చట. అనగా అనగా ఒక గుట్ట, గుట్ట కింద ఒక ఊరు, ఊళ్లో ఇద్దరు తోటికోడళ్లు. పెద్దామె కొమురవ్వ, చిన్నామె ఎల్లవ్వ.

గుట్ట నిండా ఇప్పచెట్లు. ఎండలు ముదరకముందే ఆకు రాలుతుంది, ఆ వెనకే పువ్వు రాలుతుంది. తెల్లారేసరికి చెట్టు కింద పువ్వు పరుచుకుని ఉంటుంది. కానీ ఎండుటాకుల్లో పడ్డ పువ్వు కనబడదు. అందుకని ఊరివాళ్లు చెట్టు కింద ఆకుకు అగ్గి పెట్టేవాళ్లు. నేల నల్లగా మాడితే, దాని మీద పువ్వు తెల్లగా కనబడుతుంది. సులువుగా ఏరుకోవచ్చు. ఎల్లవ్వ అత్త అట్లాగే పెట్టింది, అత్తకు అత్త అట్లాగే పెట్టింది. ఎవరూ తప్పనుకోలేదు.

ఒక ఏడు ఆ అగ్గి చెట్టు కింద ఆగలేదు. గుట్టంతా తిరిగింది. కుందేళ్లు ఉరికాయి, నెమళ్లు ఎగిరాయి, ఉడుములు బండల సందుల్లో దూరాయి. మర్నాడు కట్టెలకు పోయిన కొమురవ్వకు దారి పొడవునా తాబేళ్లు కనిపించాయి. మాడిన కుండపెంకుల్లా ఉన్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంకా వేడిగానే ఉంది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎల్లవ్వ అడిగింది: "ఏందక్కా, ఎవరు పోయిండ్రు?"

"ఉరకలేనియి పోయినయి చెల్లె. ఉరికేటియన్నీ బతికినయి."

కొమురవ్వకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఈతాకు పొరకలు కట్టి అమ్ముకుని బతికేది. మరుసటి ఏడు ఆకు రాలగానే పొరక భుజాన వేసుకుని గుట్టెక్కింది. ఒక్కో చెట్టు కింద ఊడ్చింది. తాబేళ్లు ఉండే బండల చుట్టూ బాటలా ఊడ్చింది. దిగొచ్చి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది:

"ఊడ్చుడు నా పని, ఏరుడు మీ పని. అగ్గి మాత్రం పెట్టకుర్రి."

ఊరు నవ్వింది. అందరికంటే ఎక్కువ ఎల్లవ్వే నవ్వింది. "అక్కా, గుట్టకు పెండ్లి చేస్తున్నవా? అలుకు చల్లి ముగ్గు గూడ వెయ్యరాదూ!"

"నీళ్లుంటే చల్లేదాన్నే. కడవ పట్టుకుని రా."

మొదటి ఏడు ఒక్కతే ఊడ్చింది. రెండో ఏడు గొర్లకాపరి బీరయ్య వచ్చాడు. మూడో ఏడు ఇంకొందరు వచ్చారు. ఒకరు ఊడ్చారు, ఒకరు జీవాలు తాగడానికి రాతిదొన్నెల్లో నీళ్లు పోశారు, ఒకరు ఉచ్చులు కనబడితే పీకేశారు. ఎవరూ కూలి అడగలేదు. గుట్ట మళ్లీ పచ్చబడింది. కౌజుపిట్టలు కూశాయి. వానకు బండల కింది నుంచి తాబేళ్లు బయటికొచ్చాయి.

తర్వాత కరువొచ్చింది. పనికోసం కొందరు ఊరొదిలారు. ఊడ్చే చేతులు తగ్గాయి. మళ్లీ కొమురవ్వా, బీరయ్యా మిగిలారు. కొమురవ్వ మోకాళ్లు వాచాయి. ఊరికి మాత్రం ఆ పువ్వే తిండి. ఊడ్చింది కావాలి, ఊడ్చేవాళ్లతో పని లేదు! ఏ ఊరైనా ఇంతే. మంచి పని ఒకరు మొదలుపెడితే, అది వాళ్ల జన్మహక్కన్నట్టు వాళ్ల నెత్తినే వదిలేస్తుంది.

ఎల్లవ్వ ఏరుకునే చెట్టు గుట్ట కొసన ఉంది. కొమురవ్వ కింది నుంచి ఊడ్చుకుంటూ పోతే అది ఆఖరున వస్తుంది. ఆ ఏడు పువ్వు ముందే రాలింది. ఎల్లవ్వ ఇంట్లో చాటలో గింజ లేదు.

"అక్కా, నా చెట్టెప్పుడు?"

"ఒక్క పొద్దు ఆగు చెల్లె. కాళ్లు మాట వింటలేవు. రేపు నీదే. ఊడ్చుడు నా పని, ఏరుడు నీ పని..."

"అగ్గి మాత్రం పెట్టొద్దు! తెలుసు తియ్యి. కడుపుల మండేదాన్ని ఏం పెట్టి ఊడ్వాల్నో గది గూడ చెప్పు."

కొమురవ్వ తన గంజిలో సగం పంపింది.

ఎల్లవ్వ ఆ ఒక్క పొద్దు ఆగలేదు. రేపటిదాకా పువ్వు ఎండుతుంది, జింకలు మేసిపోతాయి అనుకుంది. పచ్చికొమ్మ ఒకటి చేతిలో పట్టుకుంది. చిన్న అగ్గే, దాటితే కొమ్మతో కొట్టి ఆర్పొచ్చు. అత్త నేర్పింది అట్లాగే. చెకుముకి కొట్టింది.

గాలి తిరిగింది. ఒక చోట కొట్టింది, రెండో చోట లేచింది. రెండో చోట కొట్టింది, మూడో చోట లేచింది. కొమ్మ పారేసి అరుచుకుంటూ ఊళ్లోకి ఉరికింది. పక్కదారిన దిగింది కాబట్టి బండల దగ్గరున్న కొమురవ్వను చూడలేదు.

బీరయ్య చూశాడు. "అవ్వా, దిగు! అగ్గి వస్తున్నది!"

కొమురవ్వ పొరక ఆపలేదు. బండల పైవైపు బాట మీద కొత్త ఆకు రాలి ఉంది. దాన్నే ఊడుస్తోంది.

"నిన్ను ఎత్తుకుంట, రా అవ్వా!"

"నన్నెత్తుకుంటే వీటినెవరు ఎత్తుకుంటరు? ఉరుకు బిడ్డా, ఊళ్లోవాళ్లను తోలుకురా. నేను ఉరకలేను, ఇవీ ఉరకలేవు."

ఊరు కదిలేసరికి ఆలస్యమైంది. గుట్ట పైసగం కాలిపోయింది. అగ్గి బాట దాకా వచ్చి, మెయ్యడానికి ఆకు లేక అక్కడే చచ్చింది. బాటకు ఇవతల బండకానుకుని కొమురవ్వ కూర్చుని ఉంది. ఒంటి మీద కాలిన గాయం లేదు. పొగ ఊపిరి తీసింది. చేతిలో పొరక అరిగి మొండికి వచ్చింది. కాళ్ల ముందు నుంచి ఒక తాబేలు తాపీగా నడిచిపోతోంది.

ఎల్లవ్వ ఆ పాదాల దగ్గర కూలబడింది. "ఒక్క పొద్దక్కా! ఒక్క పొద్దే అడిగితివి!"

ఊరిపెద్ద భుజం తట్టాడు. "నీ తప్పేముంది? గాలి చేసిన పని."

ఎల్లవ్వ లేచింది. "గాలి చెకుముకి కొట్టదు. నేను కొట్టిన."

కర్మం నాడు ఊరంతా కూడింది. కొమురవ్వకు గద్దె కడదామన్నారు, ఏటేటా మేకను కోద్దామన్నారు. బతికున్నప్పుడు పొరక ముట్టనివాళ్లే ముందు వరసలో ఉన్నారు. ఎల్లవ్వ గొంతు చించుకుంది: "ఆమెకు గద్దెలొద్దు, మేకలొద్దు. సిగ్గుంటే పొరకలు పట్టుకుని రండ్రి!"

వచ్చారు. ఆ ఏడూ, ఆపై ఏడూ, ప్రతి ఏడూ. పైసగంలో చెట్లు మళ్లీ మొలవడానికి ఒక తరం పట్టింది. కొసనున్న ఇప్ప మాత్రం మళ్లీ చిగురించలేదు. ఎల్లవ్వ చచ్చేదాకా ఆ మోడు చుట్టూ ఊడ్చింది. ఏరడానికి అక్కడ పువ్వు లేదు. అయినా ఊడ్చింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో బుట్టకంటే ముందు పొరక గుట్టెక్కుతుంది. ఇంటికొకరు ఊడుస్తారు. ముసలివాళ్లు కూడా "ఊడ్చుడు మన పని" అంటూనే ఎక్కుతారు. ఊడుస్తుంటే బాటకు అడ్డంగా తాబేలు వస్తే, "ఆగుర్రి, అవ్వ పోతున్నది" అంటారు. పొరకలు దించి నిలబడతారు. అది బాట దాటడానికి ఎంతసేపు పట్టినా సరే, ఎంత ఆకలైనా సరే, ఆ ఊళ్లో ఎవరూ దాన్ని తొందరపెట్టరు.