పసుపు గీతలు రెండు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఎంట్రన్సు ఫారం ఖాళీగానే తెచ్చి దమయంతి మేడమ్ బల్ల మీద పెట్టేసింది ఢిల్లీశ్వరి. శనివారం ఆఖరు తేదీ. ఆ ఫారం కోసం మేడమ్ పనిగట్టుకుని విశాఖపట్నం బస్సెక్కి వెళ్ళొచ్చింది.

"నావల్ల కాదు మేడమ్. బీఎడ్ చేస్తాను."

"ఇంట్లో వద్దన్నారా?"

"లేదు మేడమ్. నాన్న నీ ఇష్టం అన్నాడు. నాకే భయం. అక్కడ ప్రాక్టికల్స్ ఎవరికి వాళ్ళే చెయ్యాలట. ఆడపిల్లలకి థియరీ అయితే వస్తుంది గానీ చెయ్యి తిరగదని అందరూ అంటున్నారు. నిజమే మేడమ్, నాకు తిరగదు."

మేడమ్ ఢిల్లీశ్వరి చేతిలోంచి రికార్డు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది.

మా కాలేజీ ల్యాబులో ఒక ఆచారం ఉండేది. బ్యాచ్‌కి ఇద్దరు. మగపిల్లాడు పరికరం దగ్గర కూర్చుని రీడింగులు చెప్తాడు, ఆడపిల్ల పక్కన నిలబడి రాస్తుంది. సిలబస్‌లో ఎక్కడా లేదిది. ఎవరు పెట్టారో తెలీదు. మూడేళ్ళు కిక్కురుమనకుండా రాశాం. మా అందరిలోకీ ఢిల్లీశ్వరివి ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి పేజీ కిందా మేడమ్ ఎర్ర సిరాతో 'గుడ్' అని పెట్టేది.

మేడమ్ ఆ గుడ్‌లన్నీ చూసుకుంది. ఆవిడ మొహం కందగడ్డయింది. అది ఢిల్లీశ్వరి మీద కోపం కాదు.

"ఇవన్నీ నేనే పెట్టాను కదూ" అంది. రికార్డు బీరువాలో పెట్టి తాళం వేసి, "పద" అంది.

డార్క్‌రూములో కాంతిని రంగు గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోమీటరు అన్నీ సరిచేసి సిద్ధంగా ఉంది. మేడమ్ దాని మరలన్నీ అటూ ఇటూ తిప్పేసింది. దాని మీదుండే చిన్న ప్రిజం బల్లని పక్కకి వంచేసింది. కాంతి వచ్చే సందు మూసేసింది. మేం చెయ్యి తగిలితేనే తిట్లు తినే పరికరం అది.

"అయ్యో మేడమ్! మా బ్యాచ్ తవిటినాయుడు ఇంటికెళ్ళిపోయాడు. ఎవరు సరిచేస్తారిప్పుడు?"

మేడమ్ స్టూలు లాక్కుని గోడవారగా కూర్చుంది.

ఢిల్లీశ్వరికి తను వందసార్లు రాసిన వాక్యం గుర్తొచ్చింది. మొదట దూరంగా ఉన్న వస్తువు మీద టెలిస్కోపు సరిచేయవలెను. కిటికీ తీసి పరికరానికున్న టెలిస్కోపులోంచి బయటికి చూసింది. వాటర్ ట్యాంకు తలకిందులుగా కనపడింది. నవ్వొచ్చేసింది. తలకిందులుగా కనపడుతుందని కూడా తనే రాసింది మరి.

కిటికీ మూసి సోడియం దీపం వేసింది. మర తిప్పితే బల్ల ఇంకా వంగింది. వెనక్కి తిప్పింది. రెండుసార్లు ఏడుపొచ్చింది. మేడమ్ కదల్లేదు. గంటన్నర పట్టింది.

టెలిస్కోపు మెల్లగా పక్కకి జరుపుతుంటే ఒక పసుపు గీత వచ్చి పోయింది. ఇంకా జరిపింది. మళ్ళీ వచ్చింది. మర కొంచెం తిప్పేసరికి సన్నగా, శుభ్రంగా విడిపోయింది.

"మేడమ్, రెండున్నాయి!"

"సోడియం గీతలు రెండని నీకు తెలీదా?"

"మూడేళ్ళుగా రాస్తున్నాను" అంది ఢిల్లీశ్వరి. కన్ను మాత్రం టెలిస్కోపు మీంచి తియ్యలేదు. "ఎప్పుడూ చూళ్ళేదు."

మేడమ్ లేచొచ్చి ఢిల్లీశ్వరి పక్కన నిలబడింది. జేబురుమాలంత కాగితం, పెన్నూ తీసింది.

"చెప్పు. రాస్తాను."

మర్నాడు శుక్రవారం. తవిటినాయుడు ఎప్పట్లాగే స్పెక్ట్రోమీటరు ముందు కూర్చోబోయాడు. ఢిల్లీశ్వరి అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. పెన్ను అతని వైపు తోసింది.

"నువ్వు రాయి. నేను చెప్తాను."

"నా రాత కోడి కెలికినట్టుంటాది. మార్కులు పోతాయే!"

"పోనీ."

"మేడమ్, చూడండి మేడమ్, ఇదేటో కొత్తగా..." అని తవిటినాయుడు కేకేశాడు. మేడమ్ రెండో బల్ల దగ్గర ఎవరికో ఏదో చెప్తోంది. వినపడనట్టే ఉంది. ఇంకో రెండు బల్లల దగ్గర మేం కూడా పెన్నులు కింద పెట్టాం.

సాయంత్రం ఆ పేజీ మేడమ్ దగ్గరికి వెళ్ళింది. నిజంగానే కోడి కెలికినట్టుంది. మేడమ్ దాన్ని దూరంగా పెట్టీ దగ్గరగా పెట్టీ చదివింది. ఎర్ర సిరాతో 'అక్షరాలు ఘోరం. రీడింగు సరిగ్గా ఉంది' అని రాసింది.

ఢిల్లీశ్వరి చెయ్యి చాపింది.

"నా ఫారం ఇవ్వండి మేడమ్. రేపు పొద్దున్నే విశాఖపట్నం వెళ్ళి ఇచ్చేస్తాను."

మేడమ్ సొరుగులోంచి ఫారం తీసి ఇచ్చింది.

"ఇది మాత్రం నువ్వే రాయి" అంది. "తవిటినాయుడి చేతికివ్వకు."