పేలిన మట్టి ఎద్దు

గుమ్మడవలస ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే హైమవతికి, ఎవరు ఏ మంచిమాట చెప్పినా దాని వెనక ఏదో మతలబు ఉందని అనుమానించే గుణం ఉండేది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన డ్రాయింగ్ మాస్టారు పైడిరాజు, బొమ్మలను పుస్తకంలో చూస్తే చాలదు, చేత్తో చేసి తెలుసుకోవాలని బంకమట్టి తెప్పించారు. తలా ఒక ముద్ద ఇచ్చి, ఇష్టమైన జంతువును చెయ్యమన్నారు. బాగా కుదిరినవి జిల్లా ప్రదర్శనకు వెళతాయన్నారు. హైమవతి ఎద్దును చేసింది. మూపురం, గంగడోలు, కొమ్ములు అచ్చం వాళ్ల ఇంటి ఎద్దుకు ఉన్నట్టే వచ్చాయి.

బొమ్మ కాస్త గట్టిపడ్డాక, కడుపు కిందినుంచి లోపలి మట్టిని చెంచాతో తొలిచి తీసెయ్యమని మాస్టారు అందరికీ చెప్పారు. తన మట్టి తీయించి వేరేవాళ్లకు పంచడానికే ఈ ఎత్తు అనుకుంది హైమవతి. పైపైన గీరి, తొలిచినట్టు నటించింది.

మరునాడు ఆమె వచ్చేసరికి, పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలు నాగరత్నం ఆ ఎద్దు మీదికి వంగి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. చెవులు తొందరగా ఆరి బీటలు వారేలా ఉంటే తడిగుడ్డ కప్పానని చెప్పింది. హైమవతి నమ్మలేదు. అప్పటినుంచి ఆ పిల్ల మీద ఒక కన్ను వేసే ఉంచింది.

వారం తర్వాత బొమ్మలన్నీ కుమ్మరి ఆవంలో కాల్చారు. చల్లారాక చూస్తే ఎద్దు పేలి ముక్కలై ఉంది. నాగరత్నం చేసిన కోడిపెట్ట మాత్రం ఎర్రగా కాలి, వేలితో కొడితే ఖంగుమని మోగుతోంది.

"నా ఎద్దు ప్రదర్శనకు వెళ్లకూడదనే నువ్వు దాన్ని తడిపావు" అంది హైమవతి, అందరి ముందూ.

నాగరత్నం చేతిలోని కోడిపెట్టను బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. రెండు రోజులు బడికి రాలేదు.

మూడో రోజు మాస్టారు హైమవతిని పిలిచి, పెంకులన్నీ ఏరి మళ్లీ ఎద్దులా పేర్చమన్నారు. ఆమె నేలమీద కూర్చుని పేర్చింది. చెవుల మీద చిన్న బీట కూడా లేదు. తల, కాళ్లు బాగానే ఉన్నాయి. కడుపు ఒక్కటే నుజ్జయింది. ఆ ముక్కలు ఒక్కొక్కటీ పిడికిలంత మందంగా ఉన్నాయి.

"మందంగా ఉన్న మట్టికి లోపలి తడి ఆరదు. మంట తగిలాక ఆ తడి ఆవిరై బొమ్మను పేల్చేస్తుంది. అందుకే తొలవమన్నాను. నువ్వు తొలిచావామ్మా?" అని అడిగారు మాస్టారు.

"లేదండీ, పైపైన గీరానంతే" అంది హైమవతి.

ఆ సాయంత్రమే నాగరత్నం ఇంటికి వెళ్లి, జరిగిందంతా ఒప్పుకుంది. నాగరత్నం చాటలో బియ్యం ఏరుతూనే వింది.

"నింద అందరి ముందూ వేశావు. ఈ మాట కూడా అక్కడే చెప్పు" అంది.

మరునాడు హైమవతి తరగతిలో నిలబడి చెప్పింది. తాను తొలవకపోవడం వల్లే ఎద్దు పేలిందని, నాగరత్నం తప్పేమీ లేదని ఒప్పుకుంది. కోడిపెట్ట ప్రదర్శనకు వెళ్లింది. నాగరత్నం మళ్లీ ఆమెతో మనసు విప్పి మాట్లాడడానికి మాత్రం ఇంకో పది రోజులు పట్టింది.

అనుమానం మన పనినీ చెడగొడుతుంది, మన స్నేహాన్నీ చెడగొడుతుంది. ఎదుటివారిని వేలెత్తి చూపే ముందు మన చేతులు ఏం చేశాయో చూసుకోవాలి.