ఆకలిగొన్న ఇంటి అడుగుముద్ద నోము

అక్షతలు కుడిచేత నుంచుకొని, పొయ్యి ప్రక్కనున్న అన్నపు గిన్నె మీది మూత కదల్పక, పెద్దలును పిన్నలును చెవియొగ్గి వినుడు.

పూర్వము ధవళుడను ముని ఆశ్రమమునకు కంకణుడను ముని వచ్చి, "మహాత్మా! కొన్ని ఇండ్లలో సంధ్యవేళ కారణము తెలియకయే భయము పుట్టుచున్నది. వండిన అన్నము చాలదు. ప్రేమించినవారే ఒకరినొకరు గుర్తెరుగరు. అట్టి ఇండ్లకు తరణోపాయమేమి?" అని అడిగెను. ధవళుడు, "అట్టి ఇంట మంత్రము పనిచేయదు. అడుగుముద్ద నోము పనిచేయును. దానిని లోకమునకు తెచ్చినది ఒక మంత్రగత్తెయే. ఆ కథ చెప్పెద వినుము" అనెను.

కొండల దాపున కంచుపురమను పట్టణము కలదు. అందు రుద్రాచారి యను కంచరి గంటలును గిన్నెలును పోతపోసి జీవించుచుండెను. పోతపనికి అచ్చులు తీర్చుటకు మైనము కావలెను. దానిని కొండమీదినుండి తిలకాంబ యను పడుచు తెచ్చి ఇచ్చుచుండెను. ఆమె మేనత్త సంకమ్మ పేరుమోసిన మంత్రగత్తె. తిలకాంబయు ఆమె యొద్ద కట్టుమంత్రములు నేర్చినది. అందుచే ఊరివారు ఆమె నీడ తొక్కుటకు జంకెడివారు. రుద్రాచారి మాత్రము ఆమె వచ్చు వేళకు చల్లని మజ్జిగ సిద్ధముగా నుంచెడివాడు. మైనము తూచుచు తూచుచు ఇరువురును మనసులు ఇచ్చిపుచ్చుకొనిరి.

పెండ్లికి ముందు అతడు ఏమియు దాచలేదు. "మా ఇల్లు మంచిది కాదు తిలకా. దీపాల వేళకి వంటింట్లో ఎవరో ఖాళీ గిన్నె గోకుతారు. మా అమ్మ ఆ చప్పుడు వినీ వినీ బెంగతో పోయింది. బాగా ఆలోచించుకో" అనెను.

తిలకాంబ ఫక్కున నవ్వి, "నన్నే భయపెడుతున్నావా? మా అత్త పేరు చెబితే మీ ఊరి కుక్కలు మొరగడం మానేస్తాయి. ఆ గోకేదాని గోళ్లు నేను తీస్తాలే" అనెను.

ఆమె కాపురమునకు వచ్చిన నాటి సాయంకాలము దీపము వెలిగించినంతనే వంటింట గరగరమని చప్పుడు వినవచ్చెను. అది గరిటెతో గిన్నె అడుగు గీకు చప్పుడు. చూడబోగా గిన్నె బోర్లించియే యున్నది. గరిటె చిలుకకొయ్యకు వ్రేలాడుచునే యున్నది. చప్పుడు మాత్రము ఆగలేదు. పిమ్మట చెవి ప్రక్కన చల్లని ఊపిరి తగిలి, "ఏమైనా మిగిలిందా?" అని ఒక ఆడుగొంతు అడిగెను. తిలకాంబ ఇనుప మేకులు మంత్రించి గడపలన్నిటికిని దిగగొట్టెను. చప్పుడు అణగిపోయెను. తన విద్యకు తానే మురిసి ఆమె నిదురించెను.

మరునాటి సంధ్యవేళ రుద్రాచారి భోజనమునకు కూర్చుండెను. వడ్డించినదంతయు తినెను. పిమ్మట కంచమును గోటితో గీకసాగెను. తిలకాంబ, "ఏమిటా పని? ఇంకా పెడతాను, చెయ్యి తియ్యండి" అనెను. అతడు తల యెత్తెను. ఆ కన్నులు అతనివి కావు. అతని నోట ఆడుగొంతు, "ఏమైనా మిగిలిందా?" అని అడిగెను.

నాటినుండి అతడు ఎంత తినినను చిక్కిపోవుచుండెను. పోసిన గంటలు పగుళ్లు వారెను. కొనువారు రాకపోయిరి. పగలు భార్య చేయి పట్టుకొని కన్నీరు పెట్టుకొనును. ప్రొద్దు వాలినంతనే, "ఎవరు నువ్వు?" అని అడుగును. ఆ ప్రశ్నకు తిలకాంబ ప్రాణము విలవిలలాడెను. ఇక తాళలేక కొండకు పరుగెత్తి మేనత్త కాళ్లపై బడెను.

సంకమ్మ అంతయు విని నుదురు కొట్టుకొనెను. "మేకులు కొట్టావా? ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆకలైనదానికి ఎవరైనా మేకులు కొడతారటే? దారులన్నీ బిగించేశావు. ఇంక నీ మొగుడి ఒంట్లో దూరక ఎక్కడికి పోతుందది?"

"అది దయ్యం కదత్తా!"

"దయ్యమా? ఆ ఇంటి కోడలే. నీలాంటిదే."

పూర్వము సింగారి యను కోడలు ఆ ఇంట అందరకును వడ్డించి కడపట కూర్చుండెడిదనియు, ఆమె వంతు వచ్చుసరికి గిన్నె అడుగంటెడిదనియు, ప్రొద్దుగూకగానే అత్తగారు ఆ గిన్నెను తోమించి బోర్లించెడిదనియు, నోరు విడిచి అడుగలేక ఆ బిడ్డ బోర్లించిన గిన్నె ప్రక్కనే కన్నుమూసెననియు సంకమ్మ తెలిపెను. "అమావాస్య దాటితే నీ మొగుడు నీకు దక్కడు. మేకులు పీకెయ్. అన్నపూర్ణమ్మని తలుచుకుని గిన్నె అడుగున ఒక ముద్ద ఉంచు. దీపాల వేళ గిన్నె బోర్లించకు. అక్కా, నీ ముద్ద ఉంది అని నోరారా పిలువు. నువ్వు కూడా ఆ తర్వాతే తిను" అని నోము చెప్పెను.

తిలకాంబ అట్లే చేసెను. మొదటి సాయంకాలము, "అక్కా, నీ ముద్ద ఉంది" అని ఆమె పిలిచెను. గిన్నె మీది మూత తనంత తానే తొలగెను. నములు చప్పుడు వినబడెను. గోడకు చేరగిలబడియున్న రుద్రాచారి నిట్టూర్చి, "తిలకా, దాహంగా ఉంది" అనెను. తన పేరు విని ఆమె బోరున ఏడ్చెను. అమావాస్య గడచెను, అతడు బ్రతికెను. అతడు పోసిన గంటలు నాలుగూళ్లకు వినబడునట్లు మ్రోగసాగెను. ఇల్లు కళకళలాడెను.

కలిమి రాగా చుట్టములు వచ్చిరి. ఒకనాటి విందులో పొరుగింటి గవరమ్మ, "దయ్యానికి పెట్టిన గిన్నెలోదే మాకూ వడ్డిస్తున్నావా తల్లీ? మంత్రగత్తె బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు" అనెను. అందరును నవ్విరి. తిలకాంబ సిగ్గుతో చచ్చినట్లై, ప్రొద్దు వాలకముందే గిన్నె తోమి అందరి యెదుటను బోర్లించెను.

దీపములన్నియు ఒక్కసారిగా ఆరిపోయెను. కొలిమి పగిలి కరగిన కంచు నేలపాలయ్యెను. చుట్టములు చెప్పులైనను తొడుగుకొనక పారిపోయిరి. రుద్రాచారి పొయ్యి గట్టున ముడుచుకొని కూర్చుండి, నెత్తురు కారు గోళ్లతో గిన్నె గీకుచుండెను. తిలకాంబ అతని చేతులు పట్టుకొనగా మంచువలె నుండెను. గిన్నెలలో మెతుకు మిగులలేదు. తన కొరకు విస్తరిలో పెట్టుకొన్న కొద్దిపాటి అన్నమును తెచ్చి, గిన్నెను వెల్లకిల తిప్పి అందులో నుంచి, "తప్పయిందక్కా. నవ్వుతారని నీ నోటిదగ్గరిది తీసేశాను. తిను" అని వేడుకొనెను. చాలసేపటికి అతని చేతులు వెచ్చబడెను.

పిమ్మట ఎవరు నవ్వినను ఆమె నోము విడువలేదు. ఉద్యాపన దినమున ఉపవాసముండి ఊరందరకును వడ్డించెను. ప్రొద్దువాలువేళ గవరమ్మ గడప బయట నిలిచెను. ఆ యేడు వారి పంట పోయినది. చంకలోని మనుమరాలు ఏడ్చుటకును ఓపిక లేక వ్రేలాడుచున్నది. "లోపలికి రానులే. దీనికి మాత్రం ఏదైనా ఉంటే పెట్టమ్మా" అనెను.

గిన్నెలో అడుగుముద్ద ఒక్కటే యున్నది. తిలకాంబ లోనికి చూచెను. నట్టింట భర్త నవ్వుచు ఎవరితోనో మాటలాడుచుండెను. ముద్ద తప్పిన అతనికేమగునో ఆమెకు తెలియును. ఐనను ముద్ద తీసి ఆ పసిదాని నోటికందించెను.

చీకటి పడెను. తిలకాంబ ఖాళీ గిన్నె ముందు మోకరిల్లి, "అక్కా, నీ ముద్ద ఇచ్చేశాను. పసిది, ఆకలితో ఉంది. కోపమొస్తే నన్ను పట్టుకో, ఆయన జోలికి పోకు" అనెను. గిన్నెలో గరిటె గీకు చప్పుడు మొదలయ్యెను. అది పెరిగి పెరిగి గోడలు అదరెను. చటుక్కున ఆగెను. ఉపవాసముతో సోలిపోవుచు తిలకాంబ తనకు తెలియకయే, "ఏమైనా మిగిలిందా?" అని అడిగెను.

చెవి ప్రక్కన ఊపిరి తగిలెను. ఈసారి అది వెచ్చగా నుండెను.

"మిగిలింది చెల్లీ. తిను."

గిన్నె అడుగున పొగలు గ్రక్కుచు ఒక ముద్ద యుండెను. ఆలుమగలు దానిని చెరిసగము తినిరి. ఆ ఇంట మరి చప్పుడు వినబడలేదు. ముద్ద ఉంచుట మాత్రము వారు మానలేదు.

కావున ఓ కంకణా! ఈ నోమును కొత్త కోడలు చేయవలెను. కోడలిని తెచ్చుకొన్న అత్తగారు తప్పక చేయవలెను. పసుపుకుంకుమలు ఉన్నవారే చేయవలెనను నియమము లేదు. తోడు పోయి తన కొక్కనికే వండుకొను మగవాడును చేయవచ్చును. ఇంట కడపట తినువారిని మొదట తలచువారికి అన్నము తరుగదు, సంధ్యవేళ భయముండదు, ప్రేమించినవారు పేరు పెట్టి పిలుతురు. పోయినవారు ఆకలితో పోరు. మాట తప్పినను ముద్ద తప్పరాదు.

అక్షతలు శిరసున వేసికొనుడు. గిన్నె మూత ఇక తీయవచ్చును. ముందుగా, ఇంతవరకును తినని వారెవరో చూడుడు.